తప్పటడుగుల పిల్లవాడు ఏ రాట్నం ఎక్కవచ్చు?

వినోదవనాల్లో పెద్ద పెద్ద ఆటల ద్వారం దగ్గర ఒక కొలకర్ర నిలబెట్టి ఉంటుంది. పిల్లవాడిని దాని పక్కన నిలబెట్టి, తల గీతను తాకితే లోపలికి పంపుతారు, తాకకపోతే వెనుకకు పంపుతారు. ఆ కర్ర ముందు జరిగే తతంగం చూడవలసిందే. పిల్లవాడు మునివేళ్ల మీద లేస్తాడు. తల్లి వాడి జుట్టు కాస్త పైకి దువ్వుతుంది. తండ్రి "రెండు వేళ్లే గదా తక్కువ" అని అక్కడి ఉద్యోగిని బతిమాలుకుంటాడు. తల గీతను తాకిందో, ఇక ఆ ఆట వాడికి తగినదేనని అందరికీ నమ్మకం కుదురుతుంది. అసలు కొలకర్రే లేని ఆట అయితే ఆలోచించవలసిన పనే లేదనుకుంటారు.

ఈ రెండు నమ్మకాలూ సరియైనవి కావు. కొలకర్ర ఒకే ఒక ప్రశ్నకు సమాధానం చెబుతుంది. ఈ శరీరాన్ని ఈ ఆసనం పట్టి ఉంచగలదా, లేదా అనేదే ఆ ప్రశ్న. పిల్లవాడు ఆట పూర్తయ్యేదాకా కుదురుగా కూర్చుంటాడా, వాడి మెడ ఆ ఊపును తట్టుకుంటుందా, చీకట్లో వినిపించే వికటాట్టహాసం వాడికి ఏమనిపిస్తుంది అనే ప్రశ్నలు కర్రకు తెలియవు. ఏడాది నిండి, తప్పటడుగులు వేస్తూ, మూడేళ్లు ఇంకా నిండని పిల్లల విషయంలో ఈ మిగిలిన ప్రశ్నలే ముఖ్యమైనవి. వీటికి సమాధానం వెతకడానికి ఉన్నత పాఠశాలలో చెప్పే భౌతికశాస్త్రం, శరీరశాస్త్రం చాలావరకు సరిపోతవి.

ముందుగా ఈ పిల్లవాడి శరీరం ఎట్లాంటిదో చూద్దాం. పెద్దవాడిని సగానికి కుదిస్తే పిల్లవాడు కాడు. పుట్టినప్పుడు తల పొడవు మొత్తం శరీరపు పొడవులో నాలుగో వంతు ఉంటుంది. రెండేళ్లకు అది ఐదో వంతు అవుతుంది. పెద్దయ్యేసరికి ఏడెనిమిదో వంతుకు దిగుతుంది. బరువులో తేడా ఇంకా ఎక్కువ. మూడేళ్ల పిల్లవాడు సుమారు 14 కిలోగ్రాములు తూగితే అందులో తల ఒక్కటే రమారమి 2.7 కిలోగ్రాములు, అనగా ఐదో వంతుకు దగ్గర. 65 కిలోగ్రాముల పెద్దవారిలో తల వాటా పద్నాలుగో వంతు మాత్రమే. ఇంత పెద్ద తలను మోసే మెడ చూస్తే సన్ననిది. కండరాలు ఇంకా బలపడలేదు, వెన్నుపూసలను కలిపి ఉంచే స్నాయువులు వదులుగా ఉంటవి. తల బరువు వలన వాడి గరిమనాభి కూడా పెద్దవారిలో కంటె పైన ఉంటుంది. పసివాడు బకెట్టులోకి తొంగిచూస్తూ తలకిందులుగా పడిపోవటానికి కారణం ఇదే. వాడి రొమ్ము ఎత్తున్న అడ్డుకమ్మీ పెద్దవారికి భద్రమనిపిస్తుంది గాని, కాలు కాస్త ఎత్తున పెట్టుకోవడానికి ఆసరా దొరికితే వాడు ఆ కమ్మీ మీదుగా తూలగలడు.

ఇక నడుము సంగతి. నడుముకు ఇరుపక్కలా తుంటి ఎముకలు ముందుకు పొడుచుకొని వచ్చి కొక్కెములవలె పనిచేస్తవి. పెద్దవారి విషయంలో నడుము పట్టీ జారకుండా నిలిచేది వాటి వలననే. పసిపిల్లల్లో ఆ కొనలు ఇంకా ఏర్పడి ఉండవు. కుదుపు వచ్చినప్పుడు పట్టీ పైకి జరిగి మెత్తని పొట్ట మీదికి వస్తుంది. కాలేయం, ప్లీహం పక్కటెముకల చాటున పూర్తిగా ఒదగని వయస్సు అది. కనుక "పట్టీ ఉన్నది గదా" అన్న మాట పెద్దవారికి వర్తించినంతగా పసివాడికి వర్తించదు.

కొలకర్ర ఏమి కొలుస్తుంది?

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, అనహైమ్ పట్టణంలో, 1955 జూలై 17న డిస్నీల్యాండ్ ప్రారంభమైనది. ఒక్కొక్క భాగాన్నీ ఒక్కొక్క కథాలోకంగా తీర్చిన ఇట్టి వనాలనే తరువాత థీమ్ పార్కులన్నారు. ఆ వనంలో ఆటల కొలతలు చూస్తే విషయం తేటపడుతుంది. 1959లో నిర్మించిన మాటర్‌హార్న్ అనే కొండబండికి కనీసపు ఎత్తు 42 అంగుళాలు, అనగా 107 సెంటీమీటర్లు. బిగ్ థండర్ అనే గనిబండికి 40 అంగుళాలు, అనగా 102 సెంటీమీటర్లు. చిన్నపిల్లల కోసమే కట్టిన గాడ్జెట్‌కోస్టర్ అనే బండికి 35 అంగుళాలు, అనగా 89 సెంటీమీటర్లు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన పెరుగుదల ప్రమాణాల ప్రకారం నడిమి ఎత్తు రెండేళ్ల మగపిల్లవాడికి 87, ఆడపిల్లకు 86 సెంటీమీటర్లు. మూడేళ్లకు 96, 95 సెంటీమీటర్లు. అనగా మొదటి రెండు కొండబండ్లూ తప్పటడుగుల పిల్లలకు దరిదాపుల్లో కూడా లేవు. మూడోదాని గీతను మాత్రం సగటు పిల్లవాడు రెండేళ్లు దాటిన కొద్ది నెలలకే తాకుతాడు. తల్లిదండ్రులను తికమక పెట్టేది ఇదే. ఒడ్డూ పొడుగూ ఉన్న వంశంలో పుట్టిన రెండేళ్ల పిల్లవాడి తల మూడేళ్ల పిల్లవాడి గీతను తాకవచ్చు. కాని ఎముక గట్టిపడటం, మెడ బలపడటం, "కదలకు" అన్న మాటకు అర్థం తెలియటం వయస్సుతో వచ్చేవి. పొడవుతో పాటు అవి ముందుగా రావు.

ఆసనం పట్టి ఉంచటం అంటే ఏమిటో కొంచెం లెక్క వేసి చూద్దాం. బండి ఒక మిట్టను దాటుతున్నప్పుడు ఆ మిట్ట వృత్తఖండం వలె ఉంటుంది. అందులో పోయే వస్తువుకు కేంద్రం వైపు ఉండవలసిన త్వరణం, వేగపు వర్గాన్ని వ్యాసార్ధంతో భాగించగా వచ్చిన విలువ. మిట్ట వ్యాసార్ధం 8 మీటర్లు, బండి వేగం సెకండుకు 9 మీటర్లు అనుకోండి. 81ని 8తో భాగిస్తే 10 పైచిలుకు వస్తుంది. గురుత్వ త్వరణం 9.8 మాత్రమే. అనగా భూమి ఆకర్షణ ఒక్కటే శరీరాన్ని ఆ వంపులో నిలపలేదు. కూర్చున్నవారు ఆసనం మీద నుంచి లేస్తారు. సెకండుకు 9 మీటర్లంటే గంటకు 32 కిలోమీటర్లు. పట్నంలో స్కూటరు పోయే వేగమే ఇది. ఇంతమాత్రానికే మనిషి తేలిపోతాడు!

అప్పుడు ఆపవలసింది ఒళ్లో దించిన కడ్డీ. చాలా బండ్లలో ఇద్దరికో ముగ్గురికో కలిపి ఒకే కడ్డీ ఉంటుంది. అది ఎవరి తొడ దగ్గర ఆగుతుంది? లావుపాటివారి తొడ దగ్గర. తండ్రి తొడ మందం 15 సెంటీమీటర్లు, పిల్లవాడి తొడ మందం 8 సెంటీమీటర్లు అనుకుంటే, పిల్లవాడి ఒడికీ కడ్డీకీ మధ్య 7 సెంటీమీటర్ల ఖాళీ మిగులుతుంది. తండ్రి బిగువుగా కూర్చున్నాడు. పిల్లవాడి చుట్టూ మాత్రం గాలి ఉన్నది. తండ్రి చేయి పట్టుకొని ఉంటాడు గదా అనవచ్చు. ఆ క్షణంలో తండ్రి కూడా తేలుతూ, రెండో చేత్తో తన కడ్డీనే పట్టుకొని ఉంటాడు. కొలకర్ర గీత దగ్గర రెండు వేళ్ల తక్కువను ఉద్యోగి ఎందుకు ఒప్పుకోడో ఇప్పుడు అర్థమవుతుంది. ఆ రెండు వేళ్లు మర్యాదకు సంబంధించినవి కావు.

గిరగిర తిరిగేవి

పసిపిల్లలకు తగిన ఆటలనగానే అందరికీ తోచేది గుర్రాల రాట్నం. నేలకు సమాంతరంగా తిరిగే పెద్ద పీట, దాని మీద కొయ్యగుర్రాలు. ఇది నిజంగా మెత్తని ఆటేనా? వృత్తంలో తిరిగే వస్తువు త్వరణాన్ని ఒక చుట్టుకు పట్టే కాలంతో కూడా చెప్పవచ్చు. వ్యాసార్ధాన్ని 39.5తో గుణించి, చుట్టుకు పట్టే సెకండ్ల వర్గంతో భాగించాలి. 39.5 ఎక్కడిదంటే, పై విలువ వర్గానికి నాలుగు రెట్లు. వెలుపలి వరుస గుర్రం కేంద్రానికి 5 మీటర్ల దూరంలో ఉన్నదనీ, ఒక చుట్టుకు 12 సెకండ్లు పడుతుందనీ అనుకుంటే త్వరణం సుమారు 1.4 వస్తుంది. గురుత్వ త్వరణంలో ఏడో వంతు. 12 కిలోల పిల్లవాడు 1.7 కిలోల బరువుతో బయటకు లాగినట్లు తూలుతాడు. పక్కన నిలబడ్డ తల్లి ఒక చేత్తో దీన్ని ఆపగలదు. 3 మీటర్ల దూరంలో ఉన్న లోపలి వరుసకు మారితే ఇది 1 కిలోకు దిగుతుంది. కనుక లోపలి వరుసలో, కిందికీ మీదికీ ఆడని గుర్రం మీద కూర్చోబెట్టి, తల్లి వెలుపలి పక్క నిలబడితే సరిపోతుంది. ఇంకొక సంగతి. రాట్నం పూర్తిగా ఆగకముందే పిల్లవాడిని దించబోవటం మంచిది కాదు. వెలుపలి అంచు దగ్గర వేగం సెకండుకు రెండున్నర మీటర్ల పైన ఉంటుంది.

ఇప్పుడు టీ కప్పుల ఆట చూడండి. డిస్నీల్యాండ్‌లో ఇది ప్రారంభదినం నుంచీ ఉన్నది. దీనికి ఎత్తు నియమం లేదు. రంగురంగుల కప్పులు, మధ్యలో గుండ్రని చక్రం, ఏడాది పిల్లను కూడా ఒళ్లో పెట్టుకొని కూర్చోవచ్చుననిపిస్తుంది. అయితే ఆ మధ్య చక్రాన్ని ఎంత జోరుగా తిప్పితే కప్పు అంత జోరుగా తిరుగుతుంది. కప్పు అంచున కూర్చున్నవారి తల కప్పు కేంద్రానికి 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, 3 సెకండ్లకొక చుట్టు తిరిగినప్పుడు త్వరణం 2.6, అనగా గురుత్వంలో నాలుగో వంతుకు కాస్త ఎక్కువ. మేనమామ ఉత్సాహపడి దాన్ని 2 సెకండ్లకొక చుట్టుగా మార్చాడనుకోండి. త్వరణం 5.9కి పోతుంది. గురుత్వంలో 60 శాతం. అప్పుడు 2.7 కిలోల తలను ఎవరో 1.6 కిలోల బరువుతో పక్కకు గుంజుతున్నట్లుంటుంది. నలభై ఏళ్ల మేనమామ మెడకు ఇది లెక్క కాదు. రెండేళ్ల మెడకు లెక్కే. కాలం సగమైతే బలం నాలుగింతలవుతుందన్న సూత్రం ఇక్కడ పరీక్ష కాగితం మీద ఉండదు, మేనమామ మణికట్టులో ఉంటుంది. ఎత్తు నియమం లేని ఈ ఆట పసివాడికి తగినదా కాదా అని అడిగితే సమాధానం ఒకటే. చక్రం మీద చేయి వేయకపోతే తగినదే.

ఇటువంటి ఆటల్లో ఎవరు ఏ పక్క కూర్చోవాలనేది కూడా ముఖ్యమే. తిరుగుతున్న ఆసనంలో అందరూ బయటి వైపునకు జరుగుతారు. గురుత్వంలో 60 శాతం బలంతో తిరిగే బల్ల మీద 65 కిలోల మనిషి 39 కిలోల బరువుతో పక్కవారి మీద పడతాడు. పిల్లవాడిని బయటి పక్క కూర్చోబెడితే ఈ 39 కిలోలూ వాడి పక్కటెముకల మీద పడుతవి. అందుచేతనే చిన్నవారు లోపలి పక్క, పెద్దవారు బయటి పక్క అని చాలా చోట్ల బోర్డు మీద వ్రాస్తారు. తల్లిదండ్రులు తరచు దీనికి విరుద్ధంగా చేస్తారు. పిల్లవాడికి బయట బాగా కనపడాలని వారి కోరిక.

నిలువుగా తిరిగే జెయింట్ వీల్ చూడటానికి భయంకరంగా ఉంటుంది గాని, బలాల లెక్క తీస్తే సాధువు. 10 మీటర్ల వ్యాసార్ధం, 20 సెకండ్లకొక చుట్టు అనుకుంటే త్వరణం గురుత్వంలో పదో వంతు. పైన ఉన్నప్పుడు పిల్లవాడి బరువు పదో వంతు తగ్గినట్లు, కింద ఉన్నప్పుడు పదో వంతు పెరిగినట్లు తోస్తుంది, అంతే. 1893లో షికాగో ప్రదర్శనలో ఫెర్రిస్ అనే ఇంజనీరు నిర్మించిన మొదటి మహాచక్రం 264 అడుగుల ఎత్తు. దానికి 36 గదులు, ఒక్కొక్క గదిలో 60 మంది. నాలుగు పక్కలా మూసిన గది కనుక అందులో పసిపిల్లలున్నా చింత లేదు. ఈనాటి చిన్న చక్రాల్లో తొట్లు చాలావరకు తెరచి ఉంటవి. ప్రమాదం తిరగటంలో లేదు, తొట్టి అంచులో ఉన్నది. దిగేవారి కోసం చక్రం ఆగాగి పోతుంది. అట్లా ఆగినప్పుడు పిల్లవాడు లేచి నిలబడతాడు. పై బరువు గల వాడి శరీరానికి అంచు అడ్డు ఎంతో చెప్పుకున్నాం గదా.

పడవ ఊయల మాత్రం వేరు జాతి. అది లోలకం. ఎంత కోణం నుంచి జారితే అడుగున అంత బరువు పడుతుంది. 30 డిగ్రీల నుంచి వస్తే అడుగున శరీరం తన బరువుకు ఒకటింబావు రెట్లు తూగినట్లుంటుంది. పెరట్లో ఊయల ఊపు ఇంతే. 60 డిగ్రీల నుంచి వస్తే సరిగ్గా రెండు రెట్లు. 90 డిగ్రీలయితే మూడు రెట్లు. ఆ తరువాత పై కొనకు చేరేసరికి బరువే లేనట్లు కడుపులో ఖాళీ. 2.7 కిలోల తల ఒక్క ఊపులో 8 కిలోలై, మళ్లీ ఏమీ కాకుండా పోవటం పసిమెడ మీద ఎటువంటి పరీక్షో ఊహించవచ్చు. ఢీకొట్టుకొనే కార్లను కూడా ఈ పక్కనే చేర్చాలి. సెకండుకు 2 మీటర్ల వేగంతో పోయే కారు సెకండులో పదో వంతు కాలంలో ఆగితే త్వరణం గురుత్వానికి రెండింతలు. నెమ్మదిగానే పోతున్నవి గదా అని మోసపోరాదు. పెద్దవారు ఎదురుగా వచ్చే కారును చూసి మెడ బిగిస్తారు. పసివాడు ఆ కారును చూసి నవ్వుతాడు.

వాంతి కాకపోతే సరిపోతుందా?

"మావాడు ఎన్నిసార్లు తిరిగినా కళ్లు తిరగవు" అని కొందరు గర్వంగా చెబుతారు. ఇందులో కొంత నిజం ఉన్నది. చెవి లోపల మూడు అర్ధవృత్తాకార కుల్యలున్నవి. వాటిలో ద్రవం ఉంటుంది. తల తిరగగానే కుల్య తిరుగుతుంది గాని ద్రవం వెనుకబడుతుంది. ఆ తేడాను నాడులు మెదడుకు తెలుపుతవి. ఒకే వేగంతో కొంతసేపు తిరిగితే ద్రవం కూడా అందుకుంటుంది. అప్పుడు తిరుగుతున్నామన్న స్పృహ పోతుంది. ఆగగానే ద్రవం ఇంకా ముందుకు పోతుంది కనుక వెనుకకు తిరుగుతున్నట్లు తోస్తుంది. ఉపాధ్యాయులు దీన్ని తరగతిలో ఒక గాజుగ్లాసుతో చూపవచ్చు. గ్లాసులో నీరు పోసి పైన కాస్త వరిపొట్టు చల్లి, గ్లాసును గిరగిర తిప్పి ఆపితే పొట్టు ఏమి చేస్తుందో విద్యార్థులే చెబుతారు.

కన్ను చెప్పేదానికీ చెవి చెప్పేదానికీ పొత్తు కుదరనప్పుడు వికారం పుడుతుంది. విచిత్రమేమంటే రెండేళ్లలోపు పిల్లలకు ఈ వికారం చాలా అరుదు. తరువాత క్రమంగా పెరిగి తొమ్మిది, పదేళ్ల ప్రాంతంలో అందరికంటె ఎక్కువగా ఉంటుంది. కనుక వాంతి చేసుకోకపోవటం పసివాడి దిటవుకు గుర్తు కాదు, వాడి వయస్సుకు గుర్తు. మెడ మీద పడే బలం అప్పుడూ పడుతూనే ఉంటుంది. వాడు "చాలు" అని చెప్పలేడు, చెప్పినా కొన్ని ఆటలు మధ్యలో ఆగవు.

చీకటి, మంత్రగత్తె

ఇంతవరకు చెప్పినవన్నీ కొలవగల సంగతులు. కొలవలేనివి కొన్ని ఉన్నవి. వాటి విషయంలో డిస్నీల్యాండ్‌లోని ఒక ఆట చరిత్ర చాలా పాఠం చెబుతుంది. 1955లోనే ప్రారంభమైన ఆటల్లో స్నో వైట్ కథ ఒకటి. ఇంట్లోకి పోయే చిన్న బండి, గంటకు నాలుగైదు మైళ్లకు మించని నడక, ఎత్తు నియమం లేదు. పైకి చూస్తే పసిపిల్లలకు ఇంతకంటె తగినది లేదనిపిస్తుంది. కాని దాన్ని రచించినవారి ఊహ వేరు. బండిలో కూర్చున్నవారే స్నో వైట్ అని వారి భావం. అందుచేత లోపల స్నో వైట్ బొమ్మ లేదు. ఉన్నది చీకటి అడవి, మళ్లీ మళ్లీ ఎదురయ్యే మంత్రగత్తె. రాకుమార్తెను చూడవచ్చిన పిల్లలు ఏడుస్తూ బయటకు వచ్చారు. 1983లో ఆటను మార్చినప్పుడు పేరులోనే "భయంకర" అన్న అర్థమిచ్చే మాటను చేర్చారు, తల్లిదండ్రులకు ముందే తెలియాలని. 2021లో మళ్లీ మార్చి భయాన్ని తగ్గించి, స్నో వైట్‌ను ముందుకు తెచ్చారు, పేరులో ఆ మాట తీసివేశారు. అదే ఇల్లు, అదే మెల్లని నడక. మారింది కథ ఒక్కటే.

రెండు, మూడేళ్ల పిల్లవాడికి నటనకూ నిజానికీ మధ్య గీత ఇంకా గట్టిపడదు. ముసుగు వేసుకొన్నది తండ్రే అని తెలిసినా ముసుగును చూసి జడుస్తాడు. చీకట్లో కనిపించిన మంత్రగత్తె బండి దిగిన తరువాత కూడా ఎక్కడో ఉన్నదనే వాడి భావం. ఆ రాత్రి మంచం కిందికి వస్తుంది. 1967 నాటి సముద్రపు దొంగల పడవ, 1969 నాటి దయ్యాల భవనం కూడా ఎత్తు నియమం లేనివే. మొదటిదానిలో పడవ చీకట్లో రెండుసార్లు కిందికి జారుతుంది. పెద్దపిల్లలకు ఇవి మహానందం. పసివాడిని ఎక్కించబోయే ముందు తల్లిదండ్రుల్లో ఒకరు వెళ్లి చూసి రావటం ఉత్తమం. అక్కడ దీనికి ఏర్పాటు కూడా ఉన్నది. కొన్ని ఆటల దగ్గర ఒకరు పిల్లవాడితో బయట ఉంటే మరొకరు వెళ్లి వచ్చి, ఆ తరువాత రెండో వారు మళ్లీ మొదటినుంచి వరుసలో నిలబడకుండా వెళ్లవచ్చు.

దీనికి భిన్నంగా, 1964లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం తయారై 1966లో డిస్నీల్యాండ్‌కు వచ్చిన "ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్" పడవ ఆట ఉన్నది. వెలుతురు, పాడే బొమ్మలు, మెల్లని నీరు, ఒకటే పాట. పెద్దవారికి పాట విసుగు పుట్టించవచ్చు. పసివాడికి కావలసింది ఆ పునరుక్తే. ఇక్కడ అడగవలసిన ప్రశ్న వేరు. ఆట దాదాపు పావుగంట సాగుతుంది, మధ్యలో దిగటానికి లేదు, పడవలో పట్టీలు లేవు. పావుగంట సేపు మీవాడు ఒళ్లో కూర్చుంటాడా? ఈ ప్రశ్నకు ఇంట్లో భోజనం దగ్గరే సమాధానం దొరుకుతుంది. అట్లాగే ఎగిరే ఏనుగుల ఆట. ఏనుగును పైకి లేపి దించే మీట కూర్చున్నవారి చేతిలోనే ఉంటుంది కనుక పిల్లవాడు జడిస్తే వెంటనే కిందికి దిగవచ్చు. ఎత్తును తమ చేతిలో ఉంచుకోగల ఇట్టి ఆటలు పసిపిల్లలకు మొదటి మెట్టుగా చాలా మంచివి.

ఒళ్లో కూర్చోబెట్టుకొని జారటం

అన్నిటికంటె తక్కువ భయపడేది, ఎక్కువ జాగ్రత్త పడవలసినది జారుడు బల్ల. పిల్లవాడు ఒంటరిగా జారితే పడతాడేమోనని తల్లి ఒళ్లో కూర్చోబెట్టుకొని జారుతుంది. ప్రేమతో చేసే ఈ పని వలననే పసిపిల్లల కాలి ఎముక విరుగుతుంటుందని అస్థి వైద్యులకు బాగా తెలుసు. కారణం ద్రవ్యవేగం. 12 కిలోల పిల్లవాడు సెకండుకు 2 మీటర్ల వేగంతో జారుతుంటే వాడి ద్రవ్యవేగం 24. రబ్బరు చెప్పు అంచుకు తగులుకొంటే కాలు ఆగుతుంది, వెనుక ఉన్న వాడి శరీరమూ ఆగుతుంది, మహా అయితే వాడు పక్కకు తిరుగుతాడు. 60 కిలోల తల్లి ఒళ్లో ఉంటే ఇద్దరి ద్రవ్యవేగం 144. కాలు ఆగినా తల్లి ఆగదు. చెప్పు అంచుకు పట్టుకొని ఉండగా ఆ బరువంతా చిన్న కాలిని మెలిపెడుతుంది. మోకాలికి కింద ఉన్న పెద్ద ఎముక విరుగుతుంది. పొట్టి బల్ల మీద పిల్లవాడిని ఒంటరిగా జారనిచ్చి, తల్లి పక్కన నడవటం దీనికి విరుగుడు. పొడుగు బల్లయితే మరికొన్ని సంవత్సరాలు ఆగటమే.

ఎండ సంగతి కూడా చెప్పుకోవాలి. చిన్న శరీరానికి బరువుతో పోలిస్తే చర్మపు వైశాల్యం ఎక్కువ. గాలి చర్మం కంటె వేడిగా ఉన్నప్పుడు అది పెద్దవారి కంటె త్వరగా వేడిని గ్రహిస్తుంది. రెండు నిమిషాల ఆట కోసం ముప్పావుగంట ఎండలో నిలబడితే, పిల్లవాడి దృష్టిలో ఆ రోజు ఎక్కిన ఆట ఆ వరుసే. మన దేశంలో వేసవి సెలవుల్లోనే వినోదవనాలు కిటకిటలాడుతవి కనుక ఇది ఇక్కడ మరీ ముఖ్యం.

2016లో హైదరాబాదు శివార్లలోని రావిర్యాల దగ్గర మొదలైన వండర్‌లా వంటి వనాల్లో బోర్డులు, పట్టీలు, శిక్షణ పొందిన ఉద్యోగులు ఉంటారు. తెలుగుదేశపు పిల్లలు చాలామంది మొదటిసారి రాట్నం ఎక్కేది మాత్రం తిరునాళ్లలోనే. అక్కడ కొలకర్ర ఉండదు. పట్టీ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. అయినా చేతి గడియారం ఉన్న ఉపాధ్యాయుడు రెండు నిమిషాల్లో దాన్ని పరీక్షించవచ్చు. కేంద్రం నుంచి తొట్టికి ఎన్ని అడుగులో కంటితో అంచనా కట్టి, పది చుట్లకు ఎన్ని సెకండ్లు పట్టినవో లెక్కపెడితే చాలు. 2 మీటర్ల వ్యాసార్ధం గల చేతిరాట్నం 5 సెకండ్లకొక చుట్టు తిరుగుతుంటే బలం గురుత్వంలో మూడో వంతు. తిప్పేవాడు పిల్లల కేరింతలకు హుషారెక్కి మూడున్నర సెకండ్లకు తెచ్చాడంటే బలం రెండింతలైనది. యంత్రంతో తిరిగే రాట్నానికి ఈ సంగతి చెప్పలేము. చేత్తో తిప్పేవాడికి మాత్రం "నాయనా, పసివాడున్నాడు, నిదానం" అని చెప్పవచ్చు. అతడు వింటాడు కూడా.